గుండె ఆగిందంటే సరిపోదు!

గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు ‘ఫిట్’ అని ఒక కాగితం ఇస్తారు. అక్కడే కన్నుమూస్తే ‘సహజ మరణం’ అని ఇంకో కాగితం వస్తుంది. ఈ రెండింటి మధ్య గడిచిన ఏళ్లలో కార్మికుడి ఆరోగ్యం ఎవరి బాధ్యత? ఇక్కడి సర్కారుదా, అక్కడి సర్కారుదా, పని ఇచ్చిన కఫీల్‌దా? హక్కుల గురించి ఇంత మాట్లాడుకుంటున్నా ఈ ప్రశ్న ఎందుకు మిగిలిపోతోందో ఒక ప్రభుత్వ వైద్యుడి విశ్లేషణ.

వేసవిలో ఒక సోమవారం. ఫలక్‌నుమా చుట్టుపక్కల బస్తీల నుంచి వచ్చినవాళ్లతో మా ఓపీ కిక్కిరిసి ఉంది. వట్టేపల్లి నుంచి వచ్చిన ఒకాయన గోడ పట్టుకుని నడుస్తూ నా ముందు కూర్చున్నాడు. వయసు 38. కాళ్లకు వాపు, ఆయాసం, పది రోజులుగా వాంతులు. ఎనిమిదేళ్లు రియాద్‌లో సెంట్రింగ్ పని చేసి రెండు నెలల కిందటే తిరిగొచ్చాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 9 దాటింది. స్కానింగులో రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోయి ఉన్నాయి. ఇది నిన్నమొన్న మొదలైన జబ్బు కాదని ఆ సైజే చెబుతోంది.

భార్య ప్లాస్టిక్ కవరులోంచి పాత కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. అకామా, విమానం టికెట్టు, వాటి కింద ఎనిమిదేళ్ల నాటి వైద్య పరీక్ష రిపోర్టు. దాని మీద ‘ఫిట్’ అని ముద్ర. ‘‘జాతే వఖత్ తో ఫిట్ బోలే థే సాబ్’’ అన్నాడాయన. వెళ్లేటప్పుడు ఫిట్ అనే అన్నారు కదా అని. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆయన మూత్రపిండాలను ఎవరూ పరీక్షించలేదు. బీపీ ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు.

అదే వారం జంగమ్మెట్ నుంచి ఒకావిడ వచ్చింది. తనకు జబ్బేమీ లేదు. తమ్ముడి మరణ ధ్రువపత్రం చదివి చెప్పమని వచ్చింది. అరబీ కాగితానికి తర్జుమా జతచేసి ఉంది. మరణ కారణం అన్నచోట ‘సహజ మరణం, గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాసి ఉంది. తమ్ముడి వయసు 34. బీమా సొమ్ము కోసం వెళ్తే ఇది ప్రమాదం కిందకు రాదన్నారట. ‘‘ముప్పై నాలుగేళ్లకు గుండె ఊరికే ఎలా ఆగుతుంది సార్?’’ అని అడిగింది.

మంచి ప్రశ్న. వలస కార్మికుల హక్కులు అనగానే మనకు ఏజెంటు మోసం, ఎగ్గొట్టిన జీతం, గుంజుకున్న పాస్‌పోర్టు గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. కానీ మా ఓపీ బల్ల మీదకు వచ్చే అన్యాయం వేరు. అది ఒక గడిలో రాసిన రెండు మాటల్లో ఉంటుంది.

అది మరణ కారణం కాదు

ఎవరు చనిపోయినా చివరికి గుండె ఆగుతుంది, శ్వాస ఆగుతుంది. పాముకాటుతో పోయినా, పరంజా మీద నుంచి పడి పోయినా అంతే. అందుకే ‘గుండె ఆగిపోవడం’ అనేది మరణం జరిగిన తీరే తప్ప మరణానికి కారణం కాదు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. మరణ కారణం ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అంతర్జాతీయ పత్రం రూపొందించింది. అందులో ఒకదాని కింద ఒకటి గీతలుంటాయి. పై గీతలో నేరుగా ప్రాణం తీసిన సమస్య, దాని కింద ఆ సమస్య దేనివల్ల వచ్చింది, ఇంకా కింద దానికి మూలమేమిటి అని రాసుకుంటూ పోవాలి. ఉదాహరణకు రక్తంలో పొటాషియం విపరీతంగా పెరగడం, అది మూత్రపిండాలు హఠాత్తుగా చెడిపోవడం వల్ల, అది వడదెబ్బ వల్ల. ఇలా కిందికి దిగితేనే అసలు కారణం బయటపడుతుంది. మన దేశంలో ఆసుపత్రి మరణాలకు వాడే ఫారం 4లో కూడా గుండె వైఫల్యంలాంటి ‘చనిపోయిన తీరు’ రాయవద్దని అచ్చు వేసే ఉంటుంది.

గల్ఫ్ డాక్టర్లను మాత్రమే తప్పుపట్టి ఊరుకుంటే నిజాయతీ కాదు. మన దగ్గరా ఇదే అలవాటు. జూనియర్ డాక్టరుగా రాత్రి డ్యూటీలో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని నేను రాసిచ్చిన కాగితాలు ఎన్నో. ఆ గడి మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంటుందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

ఆధారపడటం ఎలాగంటే, ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు కేంద్ర ప్రభుత్వం ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి చేసింది. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత అంగవైకల్యం కలిగినా రూ.10 లక్షల వరకు వస్తుంది. మంచి పథకమే. అయితే సహజ మరణానికి ఆ పది లక్షలు వర్తించవు. పని కారణంగా చనిపోతే యజమాని పరిహారం ఇవ్వాలని గల్ఫ్ దేశాల కార్మిక చట్టాలూ చెబుతున్నాయి. ‘సహజం’ అని రాశాక పని ప్రస్తావనే ఉండదు. ఎండలో పది గంటలు పనిచేసి, రాత్రి గదికొచ్చి పడుకుని, తెల్లారి లేవని మనిషి చావు సహజమో కాదో తేల్చేది పోస్టుమార్టం. చాలా సందర్భాల్లో అది జరగదు.

వైటల్ సైన్స్ అనే స్వచ్ఛంద సంస్థల కూటమి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల కార్మికులు గల్ఫ్‌లో ఏటా 10 వేల మంది దాకా చనిపోతున్నారు. సగానికి పైగా మరణాలకు అసలు కారణం ఏమిటో నమోదు కావడం లేదు.

ఎండ ఏం చేస్తుంది?

చెమట పట్టడం శరీరం తనను తాను చల్లబరచుకునే పద్ధతి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. పోయిన నీటికి తగ్గట్టు తాగకపోతే రక్తం పరిమాణం తగ్గుతుంది. గుండె వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. మూత్రపిండాలకు రక్తం చాలదు. ఒక రోజైతే రాత్రికి కోలుకుంటాయి. నెలల తరబడి రోజూ ఇదే జరిగితే మెల్లగా దెబ్బతింటాయి. పనిచోట మూత్రానికి వెళ్లే వీలుండదని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. దాహానికి కూల్‌డ్రింకు, ఒళ్లు నొప్పులకు రోజూ నొప్పి మాత్ర. ఈ రెండూ కలిస్తే మూత్రపిండాలకు ఇంకా చేటు. మధుమేహం, బీపీ వల్ల కూడా అవి పాడవుతాయి కాబట్టి గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి కిడ్నీ రోగికీ ఎండే కారణమని నేననను. కానీ ఎండ పాత్ర ఎంతో తేల్చేందుకు మధ్యలో చేసిన పరీక్షలు ఒక్కటీ చేతిలో ఉండవు.

పని ప్రదేశంలో వేడి వల్ల దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో బతుకుతున్నవారు ప్రపంచవ్యాప్తంగా 2.62 కోట్ల మంది అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. ఖతర్‌లో చనిపోయిన నేపాలీ కార్మికులపై 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. 2009 నుంచి 2017 వరకు గుండె, రక్తనాళాల సమస్యగా నమోదైన 571 మరణాల్లో సుమారు 200 దాకా, ఎండ నుంచి తగిన రక్షణ ఉంటే ఆపగలిగేవని ఆ పరిశోధకులు తేల్చారు. అంటే మనం ‘గుండె ఆగింది’ అని మూసేసిన ఫైళ్లలో మూడోవంతు.

ఇదంతా వృథా పోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారంతో జరిగిన అధ్యయనం తర్వాత ఖతర్ 2021లో కొత్త నిబంధనలు తెచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బయట పని నిషేధం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి లెక్కగట్టే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. కార్మికులకు ఏటా వైద్య పరీక్ష చేయించాలి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. అయితే గడియారం చూసి పెట్టిన నిబంధన తేమను పట్టించుకోదు. సాయంత్రం నాలుగింటికీ ఒళ్లు ఉడికిపోయే రోజులుంటాయి. ఒకే ఎండకు పక్కపక్క దేశాల్లో వేర్వేరు నియమాలున్నాయంటే అక్కడ సమన్వయం లేదనే అర్థం.

ఒప్పందాలకు కొదవ లేదు

వలస కార్మికులు, వారి కుటుంబాల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఒక ఒడంబడిక చేసింది. 2003 జులైలో అమల్లోకి వచ్చింది. కార్మికులను పంపే శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, ఇండోనేసియా దాన్ని ఆమోదించాయి. కార్మికులను తీసుకునే గల్ఫ్ దేశాలు ఒక్కటీ ఆమోదించలేదు. భారత్ కూడా ఆమోదించలేదు. 2018 డిసెంబరులో వలసలపై అంతర్జాతీయ కాంపాక్ట్ వచ్చింది. అందులో 23 లక్ష్యాలున్నాయి. మన దేశం అనుకూలంగా ఓటేసింది. కానీ దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. ఆసియా దేశాల కొలంబో ప్రాసెస్‌కు 2024లో తొలిసారి మన దేశమే అధ్యక్షత చేపట్టింది. కార్మికులను పంపే దేశాలు, తీసుకునే దేశాలు కలిసి కూర్చునే అబుదాబీ డైలాగ్ 2008 నుంచీ ఉంది. ఆరు గల్ఫ్ దేశాలతోనూ మనకు కార్మిక అవగాహన ఒప్పందాలున్నాయి.

మన వైపు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. నమోదు కోసం ఈ-మైగ్రేట్, ఫిర్యాదుల కోసం మదద్ పోర్టల్, ఆపదలో ఆదుకోవడానికి రాయబార కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉన్నాయి. పాత చట్టం స్థానంలో తేవాలనుకుంటున్న కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజల ముందు పెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ప్రకటించింది. ప్రమాదమా, సహజమా అన్న పేచీ దీనికి లేదు. అందుకే నా దగ్గరకొచ్చే కుటుంబాలకు ముందు ఈ మాటే చెబుతాను.

ఇన్ని ఉన్నా ఆరోగ్యం ఎక్కడ జారిపోతోంది? ఒక పోలిక చూడండి. మన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు జర్మనీకో జపాన్‌కో వెళ్తే అతని సామాజిక భద్రతను కాపాడే ఒప్పందం రెండు దేశాల మధ్య ఉంది. యూరప్ దేశాలు, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియాలతోనూ అలాంటివి ఉన్నాయి. సుమారు 90 లక్షల మంది భారతీయులున్న గల్ఫ్ దేశాల్లో ఒక్కదానితోనూ లేదు. ఎనిమిదేళ్లు పనిచేసిన సెంట్రింగ్ మేస్త్రీ తిరిగొస్తే అతని వెంట వైద్య రికార్డు రాదు, బీమా రాదు. జబ్బు ఒక్కటే వస్తుంది. పరీక్షల్లో టీబీనో హెచ్‌ఐవీనో బయటపడితే చాలా గల్ఫ్ దేశాల నుంచి వెనక్కి పంపేస్తారు. ఏ మందులు, ఎన్ని రోజులు వాడారో రాసిన చీటీ కూడా లేకుండా వచ్చిన టీబీ రోగులను చూశాను. సగంలో ఆగిన టీబీ చికిత్స ఆ ఒక్కరితో ఆగదు. ఇంట్లో పిల్లల దాకా వస్తుంది.

పది పాసైనవాళ్లు, విజిట్ వీసావాళ్లు

ఇంకో చిక్కు పాస్‌పోర్టులోనే ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఒప్పంద పత్రం, బీమా అప్పుడే చూస్తారు. పది పాసైనవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. దాంతో బీమా తప్పనిసరి నిబంధనా వర్తించదు. పాతబస్తీలో ఈ తరం పిల్లలు చాలామంది పది పాసైనవాళ్లే. చదువు వచ్చింది, రక్షణ పోయింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా క్లిష్టం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు మహిళలను ఈ దేశాలకు ఉద్యోగానికి పంపకూడదు. ఆ వయసు దాటినవాళ్లను ఇంటిపనికి పంపాలంటే టామ్‌కామ్‌లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. వాళ్ల మేలు కోసమే పెట్టిన నిబంధన ఇది. కానీ అవసరం, అప్పు ఆగవు కదా. విజిట్ వీసా మీద పంపే దళారీ గల్లీలోనే ఉంటాడు. అలా వెళ్లిన మనిషి ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఉండదు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికీ భయమే. ఆజాద్ వీసా మీద వెళ్లినవాళ్లదీ, కఫీల్‌ను వదిలి ‘ఖల్లివెల్లి’ అయినవాళ్లదీ ఇదే కథ.

ఫలక్‌నుమా పక్కనే బార్కస్ ఉంది. నిజాం కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి సైనికులుగా వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటున్నారు. అప్పుడు బతుకుతెరువు కోసం వాళ్లు ఇటొచ్చారు. ఇప్పుడు మనవాళ్లు అటు పోతున్నారు. పోయేదారి మూసేయడం పరిష్కారం కాదు. పోయినవాళ్లు లెక్కలో ఉండేలా, ఒంట్లో బాగున్నప్పుడే తిరిగొచ్చేలా చూడటమే పరిష్కారం.

ఎక్కడ కలవాలి?

సమన్వయం సాధ్యమేనని చెప్పడానికి ఉదాహరణ మన నగరంలోనే ఉంది. ఖతర్ వీసా కేంద్రం హైదరాబాద్‌లో పనిచేస్తోంది. వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం అన్నీ బయల్దేరక ముందే ఇక్కడే అవుతాయి. ఇక్కడ ఒక జీతం చెప్పి, అక్కడ ఇంకో కాగితం మీద సంతకం పెట్టించే పాత మోసానికి దీంతో అడ్డుకట్ట పడుతుంది. రెండు దేశాలు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇలా ఉంటుంది. ఇదే పద్ధతిని ఆరోగ్యానికీ విస్తరించాలి. వైద్యుడిగా నేను కోరేవి నాలుగు.

మొదటిది, కార్మిక ఒప్పందాల్లో మరణ ధ్రువీకరణపై ఒక నిబంధన చేర్చాలి. 50 ఏళ్లలోపు కార్మికుడు కారణం తెలియకుండా చనిపోతే, కుటుంబం అభ్యంతరపెట్టకపోతే, పోస్టుమార్టం చేయాలి. కారణాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలోనే రాయాలి.

రెండోది, వెళ్లే ముందు చేసే పరీక్ష యజమాని కోసం చేసేదిగా మిగిలిపోకూడదు. ఆ రిపోర్టు కార్మికుడి సొంతం కావాలి. బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఏటా అక్కడ పరీక్షించి, ఫలితం అతని ఫోనుకు చేరాలి.

మూడోది, బీమా చదువును బట్టి కాకుండా పనిని బట్టి తప్పనిసరి కావాలి. వడదెబ్బను అందులో స్పష్టంగా చేర్చాలి.

నాలుగోది మా ఇంటి పని. మా ఓపీ చీటీలో వృత్తి అనే గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఎక్కడ పనిచేశారు, ఎన్నేళ్లు, ఎండలోనా నీడలోనా అని మేం రాస్తే, తిరిగొచ్చినవాళ్లలో ఏ జబ్బు ఎంతుందో రాష్ట్రానికి తెలుస్తుంది. లెక్క చేతిలో ఉంటేనే ఢిల్లీ వాళ్లతోనైనా దుబాయ్ వాళ్లతోనైనా గట్టిగా మాట్లాడగలం.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే...

మీ కుటుంబంలో కాకపోయినా మీ డ్రైవర్ తమ్ముడో, పనమ్మాయి కొడుకో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అల్లుడో వెళ్తుండవచ్చు. కాగితాలు చదవగలిగిన మీరు ఒక గంట కూర్చుంటే చాలు.

● ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగిన ఫీజు రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించండి. విజిట్ వీసా మీద ఉద్యోగానికి పంపుతామంటే వద్దనండి.

● వైద్య పరీక్ష రిపోర్టు, బీమా పాలసీ, ఉద్యోగ ఒప్పందం, వీసా, పాస్‌పోర్టు ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. చేరాక అకామా ఫొటో, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా తెప్పించుకోండి.

● బీపీ, షుగర్ ఉంటే దాచవద్దని చెప్పండి. మందుల పేర్లు రాసిన చీటీ వెంట ఉండాలి.

● తలనొప్పి, తల తిరగడం, కండరాలు పట్టేయడం, మూత్రం ముదురు రంగులో రావడం ఎండ తాకిడికి గుర్తులు. వెంటనే పని ఆపి నీడకు చేరాలి. నీళ్లు, ఓఆర్‌ఎస్ తాగాలి. చెమట ఆగిపోయినా, మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా అది ప్రాణాపాయం. ఒళ్లు తడిపి చల్లబరుస్తూ ఆసుపత్రికి చేర్చాలి. డాక్టరు చెప్పకుండా రోజూ నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

● సెలవుకు వచ్చిన ప్రతిసారీ బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. రేషన్ కార్డులో పేరు ఉందో లేదో చూసుకోండి. డయాలసిస్ లాంటివి అవసరమైతే ఆరోగ్యశ్రీకి అదే ఆధారం.

● జరగరానిది జరిగితే, శవాన్ని పంపడానికో అక్కడే ఖననం చేయడానికో సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందు మెడికల్ రిపోర్టు, పోలీసు రిపోర్టు అడగండి. కారణం మీద అనుమానం ఉంటే పోస్టుమార్టం కోరుతూ రాయబార కార్యాలయానికి రాతపూర్వకంగా, మదద్‌లో కూడా తెలియజేయండి. శవాన్ని భద్రపరిచే రసాయనాలు ఎక్కించాక ఇక్కడ పరీక్ష చేసినా చాలా విషయాలు తేలవు. ఖననం త్వరగా చేయాలన్న తపన అర్థం చేసుకోదగిందే. రిపోర్టు అడిగినంత మాత్రాన మత ధర్మానికి భంగం రాదు.

● తెలంగాణ ప్రభుత్వ రూ.5 లక్షల సాయానికి ఆలస్యం చేయకుండా కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. సలహా కోసం కేంద్రం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800-11-3090.

వట్టేపల్లి ఆయనకు ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. జంగమ్మెట్ ఆవిడ ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటికే తమ్ముణ్ని అక్కడ ఖననం చేసి ఐదు నెలలైంది. ‘‘గుండె ఆగడం కారణం కాదమ్మా, కారణం ఏమిటో ఎవరూ వెతకలేదు’’ అని మాత్రం చెప్పాను. ఆవిడ ఆ కాగితాన్ని మళ్లీ మడిచి కవరులో పెట్టుకుంది. దరఖాస్తు రాయడానికి మా సోషల్ వర్కర్ దగ్గరకు పంపాను.

ఆ రోజు నుంచి మా వార్డులో జూనియర్లు మరణ పత్రం తెస్తే కింది గీత దాకా నింపందే నేను సంతకం పెట్టడం లేదు. ఇది చిన్న పనే. రియాద్‌లో ఉన్న డాక్టరును మనం అడగబోయేదీ ఇదే కాబట్టి, ముందు ఇక్కడ మొదలుపెట్టాలి.